జ్ఞానదంతం తీయించుకోవాలంటే ఏ మత్తు? మొదటి ఎక్స్‌రే నుంచి మర్నాటి ఉదయం దాకా

"మేడమ్, మా పాపకు పూర్తిగా మత్తిచ్చి పడుకోబెట్టేయండి. నొప్పి అనేదే తెలీకూడదు."

చంద్రగిరి నుంచి వచ్చిన ఒక నాన్న నా ముందు కూర్చుని అన్న మాట ఇది. పాపకు ఇరవై ఏళ్లు, ఇంజనీరింగ్ చదువుతోంది. కుర్చీ అంచు మీద కూర్చుని దుపట్టా కొసను వేలికి చుట్టుకుంటూ ఉంది. ఆ అమ్మాయినే అడిగాను, "నీకు దేనికి భయంగా ఉందమ్మా?" అని. కాసేపు ఆగి చెప్పింది: "నొప్పికి కాదు మేడమ్. ఆ మిషన్ చప్పుడు వినాలంటేనే భయం."

తండ్రి అడిగిన మందు ఒకటి, కూతురికి కావాల్సిన మందు ఇంకొకటి. తిరుపతిలో పదిహేనేళ్లుగా పళ్లు తీస్తున్నాను. ఈ తేడా తెలియక కొందరు అవసరం లేని మత్తుకు అప్పు చేసి మరీ డబ్బు కడతారు. ఇంకొందరు అవసరమైన మత్తు అడగడానికి మొహమాటపడి, ఏడాదికి నాలుగుసార్లు వాచే దవడతో అలాగే నెట్టుకొస్తారు. వాళ్లను చూసినప్పుడల్లా బాధేస్తుంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. నొప్పిని ఆపేది నోట్లో ఇచ్చే తిమ్మిరి ఇంజెక్షన్. గ్యాస్, మాత్ర, చేతికి సెలైన్ దారిలో ఇచ్చే మందు, ఇవన్నీ భయాన్ని తగ్గించేవి. వీటిలో ఏది తీసుకున్నా నోట్లో ఆ ఇంజెక్షన్ తప్పదు. పూర్తి మత్తులో నిద్రపోతున్నవాళ్లకు కూడా, లేచాక నొప్పి తెలియకుండా ఉండాలని అదే ఇంజెక్షన్ ఇస్తాం. కాబట్టి "నొప్పికి ఏం చేస్తారు?", "భయానికి ఏం చేస్తారు?" అని డాక్టర్‌ను విడివిడిగా రెండు ప్రశ్నలు అడగండి.

ముందు ఎక్స్‌రే

జ్ఞానదంతాలు నాలుగు. మామూలుగా 17 నుంచి 25 ఏళ్ల మధ్య వస్తాయి. కొందరికి అసలు రావు, కొందరికి సగం వచ్చి ఆగిపోతాయి. మీ పన్ను ఎలా ఉందో తెలియకుండా ఏ మత్తు కావాలో తేల్చడం కుదరదు. ముఖం చుట్టూ మిషన్ తిరిగి తీసే ఓపీజీ ఎక్స్‌రేలో రెండు దవడలూ ఒకేసారి కనిపిస్తాయి. దాన్ని డాక్టర్ చేతిలో పెట్టి ఊరుకోకండి, చూపించమని అడగండి.

చూడాల్సినవి రెండే. ఒకటి, పన్ను నిటారుగా ఉందా, ముందు పన్ను మీదికి వాలిందా, పూర్తిగా పడుకుందా, వెనక్కి వాలిందా. రెండోది, కింది దవడలో సన్నటి రెండు తెల్లగీతల మధ్య నల్లటి కాలువలా కనిపించే నరం దారికి పన్ను వేర్లు ఎంత దగ్గరగా ఉన్నాయి. వేర్లు ఆ కాలువ మీద పడినట్టు కనిపిస్తే సీబీసీటీ అనే త్రీడీ స్కాన్ రాస్తారు. అది అనవసరమైన ఖర్చు కాదు.

పై దవడలో నిటారుగా వచ్చిన పన్నైతే తీయడానికి నాలుగైదు నిమిషాలు కూడా పట్టకపోవచ్చు. ఎముకలో పడుకున్న కింది పన్నుకు చిగురు తెరవాలి, కాస్త ఎముక తీయాలి, పన్నును ముక్కలు చేయాలి, కుట్లు వేయాలి. అరగంట, ఒక్కోసారి గంట. అంతసేపు నోరు తెరిచి కదలకుండా ఉండగలరా అన్నదే మత్తు విషయంలో మొదటి లెక్క.

మీ గురించి దాచకుండా చెప్పండి

ఇంట్లో వాడే మాత్రల పట్టీలన్నీ ఒక కవర్లో వేసుకుని వెళ్లండి. "బీపీకి ఏదో తెల్లమాత్ర" అంటే మాకు తెలియదు. బీపీ, షుగర్, గుండె జబ్బు, ఆస్తమా, థైరాయిడ్, కిడ్నీ సమస్య, ఫిట్స్, గర్భం, వీటిలో ఏది ఉన్నా చెప్పాలి. రక్తం పలచబడటానికి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటివి వాడుతుంటే మీ అంతట మీరు ఆపకండి. ఆ మాత్రలు రాసిన డాక్టరూ పన్ను తీసే డాక్టరూ మాట్లాడుకుని తేలుస్తారు. పంటి రక్తానికి భయపడి మాత్ర ఆపేస్తే గుండెకో మెదడుకో ముప్పు వస్తుంది.

మందు తాగే అలవాటు, నిద్రమాత్రలు, గట్టి గురక, ఇవి అందరి ముందూ చెప్పడానికి సిగ్గనిపిస్తే "ఒక్క నిమిషం విడిగా మాట్లాడాలి" అనండి. ఈ మూడూ మత్తు మందు లెక్కను మార్చేస్తాయి. గురకపెడుతూ నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చేవాళ్లకు భయం తగ్గించే మందు కాస్త ఎక్కువైనా శ్వాస అడ్డుపడుతుంది.

గుట్కా, పాన్ మసాలా నమిలేవాళ్లు అద్దం ముందు నిలబడి చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరపు వేలు మూడూ కలిపి నిలువుగా పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య పెట్టి చూడండి. పట్టకపోతే నోటి లోపలి పొర బిగుసుకుపోతోందని అనుమానించాలి. అలాంటివాళ్లకు తిమ్మిరి ఇంజెక్షన్ ఇవ్వడమూ కష్టమే, పూర్తి మత్తులో ఊపిరి గొట్టం వేయడమూ కష్టమే. అది ముందే తెలిస్తే తగ్గ ఏర్పాట్లు చేసుకోవచ్చు. ఇంజెక్షన్ ఇచ్చాక తెలిస్తే అందరికీ టెన్షన్.

తిమ్మిరి ఇంజెక్షన్: అసలు పని చేసేది ఇదే

మన దగ్గర ఎక్కువగా వాడేది 2 శాతం లిగ్నోకైన్. 1943లో స్వీడన్‌లో తయారైన ఈ మందును ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతోంది. అందులో చాలా కొద్దిగా, 80,000 భాగాల్లో ఒక భాగం, అడ్రినలిన్ కలిపి ఉంటుంది. అది అక్కడి రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది. మందు ఎక్కువసేపు నిలుస్తుంది, రక్తం తక్కువగా కారుతుంది.

కింది పన్నుకు ఎలా ఇస్తారో చెబుతాను, ఎందుకంటే తెలియని చోటే భయం పెరుగుతుంది. ముందు చిగురు తుడిచి తిమ్మిరి జెల్ రాసి ఒకటి రెండు నిమిషాలు ఆగుతాం. తర్వాత నా బొటనవేలు మీ దవడ వెనక అంచు మీద ఆనుతుంది. ఆ వేలి పక్క నుంచి సూది లోపలికి వెళ్తుంది. మొదట చీమ కుట్టినట్టు, తర్వాత బరువుగా నొక్కినట్టు ఉంటుంది. సూది మొన ఎముకను తాకాక కాస్త వెనక్కి లాగి, సిరంజిలోకి రక్తం రావడం లేదని చూసుకుని, అప్పుడు ఒకటిన్నర నుంచి 2 మిల్లీలీటర్ల మందు వదులుతాం. దీనికి నిమిషం పట్టాలి. గబగబా తోస్తేనే మంట. "నెమ్మదిగా ఇవ్వండి మేడమ్" అని అడిగే హక్కు మీకుంది, అడిగితే ఏ డాక్టరూ తప్పుగా అనుకోరు. ఒక్కోసారి నాలుకలోకో పెదవిలోకో కరెంటు తగిలినట్టు జిల్లుమంటుంది. సూది నరానికి దగ్గరగా వెళ్లిందని అర్థం. వెంటనే "ఊఁ" అనండి, సూదిని పక్కకు జరుపుతాం.

మూడు నుంచి ఐదు నిమిషాల్లో కింది పెదవిలో ఆ వైపు సగం లావైపోయినట్టు అనిపిస్తుంది. చాలామంది చెయ్యి పెట్టి తడుముకుంటారు. అద్దంలో చూస్తే పెదవి మామూలుగానే ఉంటుంది. నాలుక కూడా ఆ వైపు మొద్దుబారుతుంది. తర్వాత బుగ్గ వైపు చిగురుకు ఇంకో చిన్న సూది. అప్పటికే తిమ్మిరి మొదలై ఉంటుంది కాబట్టి అది పెద్దగా తెలియదు.

పై పన్నుకు బుగ్గ వైపు ఒకటి, అంగిట్లో ఒకటి ఇస్తాం. అంగిట్లో ఇచ్చేదే నిజంగా నొప్పి. అక్కడ చర్మం ఎముకకు అతుక్కుని ఉంటుంది, మందు పరుచుకోవడానికి చోటుండదు. ఏడెనిమిది సెకన్లు గట్టిగా ఉంటుందని ముందే చెప్పి, పక్కన దూదిపుల్లతో నొక్కి పట్టి ఇస్తాను. "ఏమీ ఉండదు" అని చెప్పి గుచ్చడం నాకు నచ్చదు. ఒకసారి నమ్మకం పోతే ఆ మనిషి మళ్లీ పదేళ్ల దాకా పళ్ల డాక్టర్ గడప తొక్కడు.

మొదలుపెట్టే ముందు పదునైన పరికరంతో చిగురును గుచ్చి చూస్తాం. ఇక్కడ ఒక తేడా బాగా గుర్తుపెట్టుకోండి. నొక్కుతున్నట్టు తెలుస్తుంది, లాగుతున్నట్టు తెలుస్తుంది, దవడ కదలడం తెలుస్తుంది, చప్పుడు వినబడుతుంది. తిమ్మిరి ఇంజెక్షన్ వీటిని ఆపదు. గుచ్చుకునే నొప్పి, జివ్వుమనే నొప్పి మాత్రం ఉండకూడదు. ఉంటే ఎడమ చెయ్యి ఎత్తండి, ఆపేస్తాం. ఈ గుర్తు ముందే మాట్లాడుకోండి. నోట్లో పరికరాలుండగా మాటలు రావు.

ఇంజెక్షన్ ఇవ్వగానే గుండె దడదడలాడిందని, చేతులు వణికాయని, "నాకు మత్తు పడదు, అలర్జీ" అని జీవితాంతం చెప్పుకునేవాళ్లున్నారు. చాలాసార్లు అది అడ్రినలిన్ పని, లేదా భయం. రెండు మూడు నిమిషాల్లో తగ్గిపోతుంది. లిగ్నోకైన్‌కు నిజమైన అలర్జీ చాలా అరుదు. ఒళ్లంతా దద్దుర్లు లేవడం, కళ్లూ పెదాలూ వాచిపోవడం, ఆయాసం రావడం అసలైన అలర్జీ లక్షణాలు. అలా ఎప్పుడైనా జరిగి ఉంటే తప్పకుండా చెప్పండి. గుండె జబ్బు ఉన్నవాళ్లకు అడ్రినలిన్ తగ్గించి, 2,00,000 భాగాల్లో ఒక భాగం ఉన్న మందు వాడతాం.

"రెండోసారి ఇంజెక్షన్ వేస్తే ప్రమాదమా?" అని అడుగుతుంటారు. ఆరోగ్యంగా ఉన్న 60 కిలోల మనిషికి అడ్రినలిన్ కలిసిన లిగ్నోకైన్ గరిష్ఠ మోతాదు 420 మిల్లీగ్రాములు, అంటే 2 శాతం మందు 21 మిల్లీలీటర్లు. ఒక పన్నుకు మేము వాడేది నాలుగైదు మిల్లీలీటర్లు. కంగారు పడక్కర్లేదు. సన్నగా ఉన్నవాళ్లకూ, లివర్ సమస్య ఉన్నవాళ్లకూ మాత్రం ఈ లెక్క తగ్గుతుంది.

ఇంజెక్షన్ పని చేయలేదంటే

నా జ్ఞానదంతం కథ ఇక్కడ చెప్పాలి. అప్పటికి నేనింకా చదువుకుంటున్నాను. పరీక్షల ముందు దవడ వాచి, నోరు వేలెడు కూడా తెరుచుకోకపోతే ఒక చోటికి వెళ్లాను. వాపు మీదే మూడు ఇంజెక్షన్లు వేశారు. పెదవి మొద్దుబారింది, పన్ను దగ్గర మాత్రం ప్రాణం పోయినట్టుంది. కన్నీళ్లు కారుతుంటే "ఓర్చుకోవాలమ్మా" అన్నారు. ఆ నొప్పి ఇంకా గుర్తుంది. అందుకే నా దగ్గరికొచ్చేవాళ్లకు ఆ మాట ఎప్పుడూ చెప్పను.

చీము పట్టిన చోట ఆమ్లగుణం పెరుగుతుంది. ఆ ఆమ్లంలో లిగ్నోకైన్ నరంలోకి సరిగ్గా ఇంకలేదు. కారణం అంతే. మందు నకిలీది కాదు, మీ ఒళ్లు వేరే రకమూ కాదు. వాపు, చీము, జ్వరం ఉన్నప్పుడు ముందు చీము తీసి, శుభ్రం చేసి, అవసరమైతే యాంటీబయాటిక్ ఇచ్చి, కొన్ని రోజులాగి పన్ను తీయడమే చాలాసార్లు మంచిది. కొందరికి నరం దారి కాస్త పైనో పక్కనో ఉంటుంది. అప్పుడు సూది వేరే ఎత్తులో ఇవ్వాలి, లేదా పన్ను చుట్టూ నేరుగా ఇంకో ఇంజెక్షన్ ఇవ్వాలి. ఎలాగైనా సరే, పన్ను పూర్తిగా తిమ్మిరెక్కకుండా మొదలుపెట్టనివ్వకండి.

ఇంకో మాట. నొప్పికి లవంగం పెట్టుకోవడం సరే. ఆస్పిరిన్ మాత్ర పొడిచేసి చిగురు మీద పెట్టుకోవడం మాత్రం వద్దు, చిగురు తెల్లగా కాలిపోతుంది. అలా కాలిన చిగురుతో నెలకు ఒకరైనా వస్తుంటారు.

భయానికి మూడు దారులు

మొదటిది గ్యాస్. నైట్రస్ ఆక్సైడ్ అనే ఈ గ్యాస్‌కు పంటితో పాత సంబంధం ఉంది. 1844 డిసెంబరులో అమెరికాలో హోరేస్ వెల్స్ అనే దంత వైద్యుడు ఇది పీల్చి తన జ్ఞానదంతమే తీయించుకున్నాడు. ఇప్పుడు ముక్కు మీద చిన్న మాస్కు పెట్టి, ముందు ఆక్సిజన్ ఒక్కటే ఇచ్చి, గ్యాస్‌ను కొద్దికొద్దిగా పెంచుతాం. మామూలుగా 30 నుంచి 50 శాతం సరిపోతుంది. వేళ్ల కొసలు చిమచిమలాడతాయి, ఒళ్లు తేలికవుతుంది, చప్పుడు దూరం నుంచి వినిపిస్తున్నట్టుంటుంది. మెలకువగానే ఉంటారు, చెప్పింది వింటారు. అయిపోయాక ఐదు నిమిషాలు ఆక్సిజన్ ఇస్తే దాదాపు మామూలైపోతారు. చంద్రగిరి పాపకు ఇదే సరిపోయింది. చెవుల్లో తన ఫోన్ పాటలు కూడా పెట్టుకోమన్నాను.

జలుబుతో ముక్కు మూసుకుపోయి ఉంటే గ్యాస్ పని చేయదు. గర్భం మొదటి మూడు నెలల్లో వద్దు. ఈ గ్యాస్ శరీరంలో విటమిన్ బి12 పనిని అడ్డుకుంటుంది. పూర్తి శాకాహారులై, బి12 తక్కువని రిపోర్టు ఉంటే, కాళ్లూ చేతులూ తిమ్మిర్లెక్కుతుంటే, ముందే చెప్పండి.

రెండోది మాత్ర. డయాజెపామ్, అల్ప్రాజోలామ్, మిడాజోలామ్ లాంటివాటిలో ఒకటి రాస్తారు. కొందరికి ముందు రాత్రి ఒకటి, పన్ను తీసే గంట ముందు ఒకటి. ఖర్చు తక్కువ, సూది లేదు. కానీ మింగాక ఎక్కువైందో తక్కువైందో సర్దడానికి వీలుండదు, ఒక్కొక్కరికి ఒక్కోలా పని చేస్తుంది. అత్తయ్య వాడే నిద్రమాత్ర అరముక్క వేసుకుని రావడం మాత్రం ఎప్పుడూ చేయకండి. మేము ఇచ్చే మందు దానికి తోడైతే ఏమవుతుందో ఊహించి చెప్పలేం.

మూడోది చేతి రక్తనాళంలోకి ఇచ్చేది, జనం వాడుకలో "నరానికి ఇచ్చే ఇంజెక్షన్". మిడాజోలామ్ ఎక్కువగా వాడతారు, ఫెంటానిల్ లాంటి నొప్పి మందు తోడు చేస్తారు. చుక్కచుక్కగా పెంచుతూ మనిషికి తగ్గట్టు ఆపొచ్చు, అదే దీని బలం. కళ్లు మూతలు పడతాయి, పేరు పెట్టి పిలిస్తే పలుకుతారు, నోరు తెరవమంటే తెరుస్తారు. తర్వాత చాలావరకు గుర్తుండదు. బంగారుపాళ్యం వైపు నుంచి వచ్చిన ఒక మామిడి రైతుకు రెండు కింది పళ్లు తీసి, కుట్లు వేసి, గాజుగుడ్డ పెట్టాక, ఆయన కళ్లు తెరిచి ఆ గుడ్డతోనే "ఇంగ మొదలుపెట్టమ్మా, మళ్లా బస్సు పోతాది" అన్నాడు. వాళ్లావిడ నవ్వు ఆపుకోలేకపోయింది.

ఈ పద్ధతి ఎక్కడ పడితే అక్కడ వద్దు. పన్ను తీసే మనిషి ఒకరు, మత్తు చూసే మనిషి ఇంకొకరు ఉండాలి. "మందు ఎవరిస్తారు? వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెడతారా? బీపీ, ఈసీజీ చూస్తూ ఉంటారా? ఆక్సిజన్ సిలిండర్, మత్తు దింపే మందు దగ్గరుంటాయా?" అని అడగండి. మిడాజోలామ్‌ను దింపడానికి ఫ్లూమజెనిల్, ఫెంటానిల్‌ను దింపడానికి నలోక్సోన్ అనే మందులుంటాయి. ఈ ప్రశ్నలకు చిరాకుపడే చోట చేయించుకోకండి. పెద్దవయసువాళ్లకూ, గురక సమస్య ఉన్నవాళ్లకూ ఈ మందులు చాలా జాగ్రత్తగా ఇవ్వాలి.

పూర్తి మత్తు ఎవరికి

పూర్తిగా నిద్రపుచ్చి, సాధారణంగా ముక్కులోంచి గొట్టం వేసి, మిషన్ సాయంతో ఊపిరి అందించడం ఇది. పళ్ల క్లినిక్ కుర్చీలో జరిగేది కాదు. ఆపరేషన్ థియేటరు, మత్తు డాక్టరు, లేచాక చూసుకునే గది ఉన్న ఆసుపత్రిలోనే చేయాలి. నాలుగు పళ్లూ ఎముకలో లోతుగా ఉండి ఒకేసారి తీయాల్సినప్పుడు, పన్ను చుట్టూ నీటితిత్తి పెరిగినప్పుడు, నోరు సరిగ్గా తెరుచుకోనప్పుడు, ఆటిజం లాంటి కారణాలతో కుర్చీలో కూర్చోలేనివాళ్లకు, సూది చూస్తేనే కళ్లు తిరిగి పడిపోయేంత భయం ఉన్నవాళ్లకు ఇది సరైన దారి. ఒక్క పన్నుకు, అదీ నిటారుగా ఉన్నదానికి, పూర్తి మత్తు అడిగితే నేను వద్దనే చెబుతాను.

ముందు మత్తు డాక్టర్ పరీక్ష ఉంటుంది. రక్తపరీక్షలు, అవసరాన్ని బట్టి ఈసీజీ, ఎక్స్‌రే రాస్తారు. నోరు తెరిపించి, మెడ వంచి చూస్తారు. "ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత మెలకువ రావడం, ఊపిరి తీసుకోవడం ఆలస్యమైందా?" అని అడుగుతారు. ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోకండి. గొట్టం వేసేటప్పుడు కండరాలు సడలడానికి వాడే సక్సినైల్‌కోలిన్ అనే మందును కరిగించే ఎంజైమ్ కొందరిలో పుట్టుకతోనే తక్కువ. ఆర్యవైశ్య కుటుంబాల్లో ఈ లోపం మిగతావాళ్లకంటే ఎక్కువగా కనిపిస్తుందని మత్తు డాక్టర్లకు ఎప్పటి నుంచో తెలుసు. ముందే చెబితే వేరే మందు వాడతారు, ఇబ్బందే ఉండదు. చెప్పకపోతే ఆపరేషన్ అయ్యాక గంటల తరబడి వెంటిలేటర్ మీద ఉంచాల్సి రావచ్చు.

లేచాక ఒకటి రెండు రోజులు గొంతు గరగర, ముక్కులోంచి కాస్త రక్తపు చార, వికారం ఉండొచ్చు.

ఎలా తేల్చుకోవాలి, ఎక్కడికి వెళ్లాలి

నిటారు పన్ను, మామూలు భయం అయితే తిమ్మిరి ఇంజెక్షన్ ఒక్కటే చాలు. వచ్చేవాళ్లలో ఎక్కువమందికి ఇదే. చప్పుడంటే భయం, సూదంటే భయం అయితే దానికి గ్యాస్ లేదా మాత్ర తోడు. పడుకున్న పళ్లు రెండు, పాత చేదు అనుభవం ఉంటే చేతికిచ్చే మందు. ఖర్చు కూడా ఇదే వరసలో పెరుగుతుంది, పూర్తి మత్తుకు అన్నింటికంటే ఎక్కువ. భయం ఉందని చెప్పుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు. మీసాలు తిప్పే పెద్దమనుషులు కూడా ఆ కుర్చీలో నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

డబ్బు ఇబ్బందైతే తిరుపతిలో సీకేఎస్ తేజ దంత వైద్య కళాశాల లాంటి చోట అడగండి. అక్కడ పీజీ విద్యార్థులు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో తీస్తారు, కాస్త సమయం ఎక్కువ పడుతుంది. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు రుయా, స్విమ్స్ లాంటి పెద్ద ఆసుపత్రుల్లో ముందు సలహా తీసుకోవడం మంచిది. చిత్తూరు వైపువాళ్లు చాలామంది వేలూరు సీఎంసీకి వెళ్తుంటారు. ఎంత దూరమైనా వెళ్లండి, తిరుగు ప్రయాణంలో తోడుగా ఎవరు వస్తారో ముందు చూసుకోండి.

ముందు రోజు, ఆ రోజు

ఎక్కువ తప్పులు తిండి దగ్గరే జరుగుతాయి. తిమ్మిరి ఇంజెక్షన్ ఒక్కటే అయితే కడుపు మాడ్చుకోకూడదు. ఇడ్లీయో, కాస్త సంగటో తినే రావాలి. మన ఊళ్లో శనివారం ఒక్కపొద్దుండేవాళ్లు ఇంటింటా ఉంటారు. ఒక శనివారం ఉదయం వచ్చిన కుర్రాడు సూది తియ్యగానే చెమటలు పట్టి, మొహం తెల్లబోయి కుర్చీలోనే వాలిపోయాడు. కాళ్లు పైకెత్తి పడుకోబెట్టి, తేరుకున్నాక గ్లూకోజ్ నీళ్లు తాగించాక చెప్పాడు, ముందు రాత్రి నుంచి ఏమీ తినలేదని. ఒక్కపొద్దు రోజు అపాయింట్‌మెంట్ పెట్టుకోకండి. షుగర్ ఉన్నవాళ్లకైతే ఇది ఇంకా ముఖ్యం.

చేతికిచ్చే మందు, పూర్తి మత్తు అయితే దీనికి సరిగ్గా ఉల్టా. ఆరు గంటల ముందు నుంచి అన్నం, టిఫిన్ ఏదీ వద్దు. నూనె వంటలు, మాంసం తింటే ఎనిమిది గంటలు. మంచినీళ్లు రెండు గంటల ముందు దాకా తాగొచ్చు. పాలు కలిసిన కాఫీ, మజ్జిగ నీళ్ల లెక్కలోకి రావు, అన్నం లెక్కలోకే వస్తాయి. "గుక్కెడు కాఫీయే కదా" అని తాగి వచ్చి, థియేటర్ గుమ్మం నుంచి వెనక్కి వెళ్లినవాళ్లున్నారు. మత్తులో కడుపులోది గొంతులోకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి దిగితే ప్రాణం మీదికొస్తుంది. కోపం తెచ్చుకోకండి, ఆ వాయిదా మీ మంచికే. మాత్రకు, గ్యాస్‌కు ఏం తినాలో మీ డాక్టర్ చెప్పినట్టు చేయండి. గ్యాస్‌కు మామూలుగా తేలికపాటి టిఫిన్ చాలు.

బీపీ మాత్ర ఆ ఉదయం గుక్కెడు నీళ్లతో వేసుకోవాలా, షుగర్ మాత్ర మానాలా అన్నది ముందు రోజే అడిగి చీటీ మీద రాయించుకోండి. గోళ్లరంగు తీసేయండి, వేలికి పెట్టే క్లిప్పుకు అది అడ్డొస్తుంది. జ్వరం, దగ్గు మొదలైతే దాచుకుని రావద్దు, ఫోన్ చేయండి.

మాత్రో, చేతికిచ్చే మందో, పూర్తి మత్తో తీసుకుంటే తోడుగా పెద్దవాళ్లు ఒకరు రావాల్సిందే. 24 గంటలు బండి నడపకూడదు, మద్యం తాగకూడదు, డబ్బు కాగితాల మీద సంతకాలు పెట్టకూడదు. తిరుమల ఘాట్ రోడ్డు మీద బండి గురించైతే ఆలోచన కూడా వద్దు. మర్నాడు దర్శనం టికెట్ ఉందనో, అలిపిరి మెట్లెక్కే మొక్కుందనో ముందు రోజు పన్ను పెట్టుకోకండి. కుట్లు వేసిన దవడతో 3,550 మెట్లెక్కితే రక్తపోటు పెరిగి మళ్లీ రక్తం కారుతుంది. వారమైనా ఆగండి. బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ రోజు కూడా వద్దు. రాత్రి ఏదైనా అయితే ఆ జనంలో ఆసుపత్రికి చేరడం కష్టం.

ఇంటికెళ్లాక

గాజుగుడ్డను అరగంట నుంచి ముప్పావుగంట దాకా గట్టిగా కొరికి పట్టండి. మాటిమాటికీ ఉమ్మకండి, స్ట్రాతో తాగకండి, గాయం మీద గడ్డకట్టిన రక్తం ఊడిపోతుంది. అది ఊడితే మూడో రోజు చెవి దాకా లాగే నొప్పి మొదలవుతుంది.

తిమ్మిరి మూడు నుంచి ఐదు గంటలుంటుంది. ఎక్కువసేపు నిలిచే బుపివకైన్ వాడితే ఇంకా ఎక్కువ. అంతదాకా వేడి కాఫీ, వేడి సాంబారు వద్దు, నోరు కాలినా తెలీదు. పిల్లలే కాదు, పెద్దవాళ్లు కూడా మొద్దుబారిన పెదవిని సరదాగా కొరుకుతుంటారు. సాయంత్రానికి అది పుండై కూర్చుంటుంది. చల్లారిన రాగిజావ, పెరుగన్నం మెత్తగా కలిపి, రెండో వైపు తినండి.

నొప్పిమాత్ర విషయంలో ఒక చిట్కా. తిమ్మిరి పోయి నొప్పి మొదలయ్యాక కాదు, పెదవి చిమచిమలాడుతూ తిరిగొస్తున్నప్పుడే మొదటి మాత్ర వేసుకోండి. ఏ మాత్ర అన్నది డాక్టర్ రాసిందే. అల్సర్, కిడ్నీ సమస్య, ఆస్తమా ఉన్నవాళ్లకు ఐబుప్రొఫెన్ లాంటివి పడకపోవచ్చు.

ఆగకుండా రక్తం కారుతున్నా, ఆయాసం వచ్చినా, మింగడం కష్టమైనా, వాపు మెడలోకి దిగుతున్నా, మత్తు తీసుకున్న మనిషి పిలిస్తే సరిగ్గా లేవకపోయినా, తెల్లవారేదాకా ఆగకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.

మర్నాటి ఉదయానికి కూడా కింది పెదవి, గడ్డం, నాలుకలో తిమ్మిరి పోలేదంటే కంగారు పడకండి, నిర్లక్ష్యమూ చేయకండి. నరం నలిగితే ఎక్కువమందికి వారాల్లో, నెలల్లో తిరిగొస్తుంది. అయితే మొదటి రోజు నుంచీ గమనించాలి. అద్దం ముందు కూర్చుని, దూదిపుల్లతో మెల్లగా తాకుతూ, ఎక్కడ స్పర్శ ఆగిపోతోందో చూసి, ఆ అంచు వెంట కాటుక పెన్సిల్‌తో గీత గీయండి. ఫోన్‌తో ఫొటో తీసి, తేదీ వేసి, డాక్టర్‌కు పంపండి. వారం తర్వాత మళ్లీ అలాగే గీసి, రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టుకుని చూపించడానికి రండి.